మోటారు చల్లారేదాకా

అక్కా,

ఫోన్లో అంతా బాగుందనే చెప్పాను. అమ్మ పక్కనే ఉంది మరి. అందుకే ఈ ఉత్తరం.

లాండ్రీ నుంచి లాడ్జీలకు దుప్పట్లు మోయడానికి అమ్మకు యజమాని ఇచ్చిన బ్యాటరీ బండికి మోటారు మార్చానని చెప్పాను కదా. పాతది నిండు బరువుతో ఆస్పత్రి మిట్ట ఎక్కలేక సగంలో వేడెక్కి ఆగిపోయేది. ఉద్యోగం రాక నా చేతులూ ఊరుకోవడం లేదు. రెట్టింపు శక్తి ఉన్న మోటారు, దానికి కరెంటు ఎంత అందాలో చూసుకునే కంట్రోలరు తెచ్చి, రెండు ఆదివారాలు బండి కింద పడుకుని నేనే బిగించాను. మొదట తీగలు తారుమారై చక్రం వెనక్కి తిరిగింది. “మా ఇంజనీరమ్మ నన్ను రివర్సులో పంపిస్తోంది” అని అమ్మ వీధంతా చెప్పుకుని నవ్వింది. సరిచేశాక బండి ఆ మిట్టను అవలీలగా ఎక్కేసింది.

ఆ సంబరం వారం నిలవలేదు. యజమాని చూస్తూ ఊరుకుంటాడా? రోజుకు నాలుగు ట్రిప్పులను ఏడు చేశాడు. అమ్మ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గోడకు జారగిలబడుతోంది.

ఇక్కడి నుంచి ఎవరికీ చెప్పనిది. రాత్రిళ్లు బండి మన ఇంటి ముందే ఉంటుంది కదా, అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు కంట్రోలరుకు ఫోను కలిపి కరెంటు పరిమితి సగానికి దించేశాను. బండి నెమ్మదిస్తే ట్రిప్పులు తగ్గిస్తాడనుకున్నాను. తగ్గించలేదు. ఏడూ పూర్తి చెయ్యాలని అమ్మ గంట ముందే బయల్దేరుతోంది. మధ్యాహ్నం తిండి బండి నడుపుతూనే. పైగా యజమాని దగ్గర నన్నే వెనకేసుకొస్తోందట, కొత్త మోటారు కదా, అలవాటు పడాలి అని.

రేపు చెప్పేస్తాను. ఏం చెయ్యమంటావో రాయి. వద్దులే, నీ జవాబు వచ్చేలోగా ధైర్యం జారిపోతుంది.

ముఖం చాటేసుకు తిరుగుతున్న
నీ చెల్లెలు

*

అక్కా,

చెప్పేశాను. అమ్మ తువ్వాళ్లు మడతపెట్టడం ఆపలేదు. తిట్టనూ లేదు. దొంతి పూర్తయ్యాక మాత్రం అంది:

“పాత మోటారు మిట్ట మీద ఆగిపోయినప్పుడు పావుగంట కూర్చునేదాన్నే. అది చల్లారేదాకా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఆ కాస్తా నువ్వు తీసేశావు.”

ఆగిపోవడమే జబ్బనుకున్నాను అక్కా. ఒక్కసారైనా ఆమెను అడగలేదు. పరిమితి ఇప్పుడు ఎంతకు పెట్టనని అడిగితే, నిండుగానే పెట్టమంది. ఎందుకో అర్థం కాకపోయినా పెట్టాను.

మర్నాడు నేనూ వెనక దుప్పట్ల మీద కూర్చుని వెళ్లాను. మిట్ట మధ్యలో, చక్కగా ఎక్కుతున్న బండిని ఆపేసింది. తాళం తీసి చేత్తో పట్టుకుని పిట్టగోడ మీద కూర్చుంది. పావుగంట కదల్లేదు. లాండ్రీకి ఆలస్యంగా చేరితే, మోటారు మళ్లీ పోయిందా అని యజమాని నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పింది, గొంతు పెంచకుండా.

“మోటారు బ్రహ్మాండంగా ఉందండీ. నాకే కాళ్లు లాగితే ఆగాను. రేపూ ఆగుతాను. ఇకనుంచి నాలుగే వేస్తాను.”

చూద్దాం లెమ్మని అతను లోపలికి పోయాడు. నాలుగోది దించి వచ్చాక అమ్మ బండిని లాండ్రీలోనే వదిలి, తాళాన్ని అక్కడి మేకుకు తగిలించి నడక మొదలుపెట్టింది. గేటు దాటేదాకా వెనక్కి చూడలేదు. ఎవరైనా పిలుస్తారేమోనని నేనే తిరిగి తిరిగి చూస్తూ వచ్చాను. ఎవరూ పిలవలేదు.

అమ్మ వెనకే ఇల్లు చేరిన
నీ చెల్లెలు