ట్రాక్‌కు అడ్డంగా

హిందూపురం, ఆదివారం

మాకు పరుగు నేర్పిన మాస్టారిని చివరిచూపు కోసం ఈ రోజు స్టేడియానికి తెచ్చారు. కరోనాప్పుడు అక్కడ కూరగాయల మార్కెట్ పెట్టారు. దీపావళికి టపాకాయల అంగళ్లు పెడతారు, నాయకుల హెలికాప్టర్లూ అక్కడే దిగుతాయి. ఎవరొచ్చినా ఆయన అరుపు ఒకటే: "ఏమప్పా, ట్రాక్ తొక్కొద్దు! చుట్టూ తిరిగి పో!" ఒక్కరూ విన్న పాపాన పోలేదు.

అవతలి గ్యాలరీ దగ్గర పడుకోబెట్టాలి. "ఎండ ఎక్కువుండాది, అడ్డంగా పోదాం" అన్నాడు ఆయన కొడుకు. మోస్తున్న పాత ఆటగాళ్లు పక్కకు తిరిగారు. సున్నపు గీతకు ఇవతలగా, మైదానమంతా చుట్టి తీసుకెళ్లారు.

రేపు మీటింగు పందిరికి ట్రాక్ మీదే గుంతలు తవ్వుతారట. పొద్దున్నే పోవాలి. నా గొంతు అంత పెద్దది కాదు.