పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయన్నవాళ్ళకి

మామ్మా,

ఆ మాట నీకెవరు చెప్పారో గానీ, ఇవాళ నాకు దొరికితే కడిగేసేదాన్ని. ఆ భయంతోనే కదా నువ్వు పోయేదాకా ఒక పక్కే నమిలావు, తగ్గని జలుబుకి ఆవిరి పట్టావు! అది ఉత్త జలుబు కాదని ఇప్పుడు పళ్ళ డాక్టరీ చదువుతుంటే తెలుస్తోంది. చిగుళ్ళ జబ్బుతో పై దవడపంటి మూడు వేర్ల మధ్య ఎముక కరిగిపోతే, చీము ఆ పైనే ఉన్న సైనస్‌లోకి చేరి, జలుబులా ముక్కులోంచి కారుతుంది.

ఈ మధ్యాహ్నం సిడ్నీలో మా యూనివర్సిటీ డెంటల్ క్లినిక్‌కి, ఈ ఊళ్ళోనే ఉన్న పెండిల్ హిల్ నుంచి ఒక తెలుగు ఆంటీ వచ్చారు. అదే పన్ను, అదే జలుబు. ఎక్స్‌రే చూపించి, తీసేయాలన్నాను.

"వద్దమ్మా, పై పన్ను కదా, సైట్ పోద్దంట."

ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వచ్చినా ఈ మాట వదల్లేదా!

"కంటికీ దీనికీ సంబంధమే లేదు, ఆంటీ! ఇలాగే చెప్పి మా మామ్మని ఏడిపించారు."

నా గొంతుకి మా ట్యూటర్ తలెత్తి చూశాడు. ఆంటీ కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచారు.

పన్ను తీశాక, ఆంటీ అవతలి కన్ను చేత్తో మూసుకుని, పన్ను తీసిన పక్క కంటితో నా కోటు మీది బ్యాడ్జి చదివారు.

"సలోమి."

నాన్న నాకు పెట్టిన నీ పేరే, మామ్మా. అక్షరం తప్పకుండా చదివారు.