అన్న వదిలివెళ్ళిన పంపు

డిసెంబరు, ఆదివారం రాత్రి

సైకిల్ మీద దేశం చూడ్డానికి పోయిన అన్న మధ్యాహ్నం రాజస్థాన్ ఎడారిలోంచి ఫోన్ చేశాడు. "సైకిల్ ఇసకలో దిగబడతా ఉండాది పాపా, తోసుకుంటానే పోతా ఉండా." మన తేంగాయితిట్టు రేవులో చేపల వ్యాన్లు ఇసకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గిస్తారు కదా, అదే చెప్పాను. తగ్గించాడు, సైకిల్ కదిలింది. "ఏంది ఇంజినీరమ్మా!" అని నవ్వాడు.

సాయంత్రం మళ్ళీ చేశాడు. ఇసక పోయి రాళ్ళ దారి వచ్చింది, పంపులో ఇసక దూరి టైర్లలోకి మళ్ళీ గాలి ఎక్కడం లేదు, నీళ్ళు ఒక్క సీసాయే ఉన్నాయి అంటుండగానే సిగ్నల్ పోయింది.

"యాడుండాడంట? తిన్నాడా?" అంది అమ్మ.

"ఊరు చేరినాడుమా" అన్నాను.

ఎడారి ఎంత అందమైన మాటో అని నిన్న ఈ డైరీలోనే రాసుకున్నాను.

బరువని అన్న వదిలివెళ్ళిన పెద్ద పంపు మెట్ల కింద ఉంది. ఇందాక ఊరికే కొట్టి చూశాను. గాలి బాగానే వస్తోంది.