విసుగు: సున్నా

జూన్ 9
నరసరావుపేట ఏఆర్‌టీ సెంటర్‌లో నా ఎంఎస్‌డబ్ల్యూ సోషల్ వర్క్ కోర్సు ప్రాజెక్ట్ మొదలైంది. హెచ్.ఐ.వి.కి ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లకు ఆ మందులంటే ఎంత విసుగుందో కొలవాలి. సున్నా నుంచి పది దాకా స్కేల్. ఇంగ్లిష్ ప్రశ్నలు తెలుగులో పెట్టేది నేనే. అలుపా, విసుగా, వెగటా? చివరికి "మొహం మొత్తిందా?" అని రాసుకుని మురిసిపోయాను.

జూన్ 12
అందరూ సున్నా.
కారంపూడి నుంచి వచ్చే శేషారత్నం గారు పన్నెండేళ్లుగా మాత్రలు మింగుతున్నారు. ఆవిడా అంతే. "మొత్తేదేందమ్మా, ప్రాణం నిలబెట్టిన మందులైతే!" అన్నారు, నా భుజం మీదుగా ఎటో చూస్తూ.

జూన్ 13
పల్నాడులో అలిసిపోయినోళ్లే లేరంటగా, నీ రిపోర్టు ఒక్క పేజీలో అయిపోద్ది అని కౌన్సెలర్ అంతోని సార్ ఏడిపించారు.

జూన్ 20
ఆ చూపు ఎటో తెలిసింది. నా కుర్చీ వెనకే మందులిచ్చే కిటికీ! మందులకొచ్చిన తాపీమేస్త్రి యల్లమంద వెళ్తూ వెళ్తూ చెప్పాడు: "విసుగని చెప్తే రేషన్ కార్డు కొట్టేసినట్టు మమ్మల్నీ లిస్టులోంచి కొట్టేస్తారు పాపా. సున్నా ఏసుకో."
కుర్చీని సైకిల్ స్టాండ్ దగ్గరికి మార్చాను.

జులై 9, ఉదయం 11
స్టాండ్ వెనక శేషారత్నం గారు మాత్రల సీసాలో దూది కుక్కుతున్నారు. బస్సులో గలగలమంటే పక్కవాళ్లు "ఏంది పిన్నీ అది?" అంటారట. ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. మింగేది ఒక్క గుటకేనట, దాచేదే రోజంతానట. కొత్త కోడలు చానా మంచిది, ఇల్లంతా సర్దుతుంది, అదే భయమట. రాత్రి ఆ పిల్ల ముందు మింగలేక రోజు విడిచి రోజు మానేస్తున్నారు.
మానితే జబ్బు తిరగబెడుతుందని ఆవిడకూ తెలుసు. సార్‌తో చెబుదామన్నాను. "చెప్తే మందులియ్యరే తల్లీ" అని బస్సుకు వెళ్లిపోయారు.
దాచడం గురించి నా దగ్గర ఒక్క ప్రశ్న కూడా లేదు.

మధ్యాహ్నం 12
పేరు చెప్పకుండా సార్‌ని అడిగాను. మధ్యలో మానేశారని మందులివ్వడం ఆపరట. డాక్టర్‌ని అడిగి పొద్దున వేసుకునేలా మార్చుకోవచ్చట. ఎవరమ్మా అన్నారు. ఆ పేరు చెప్పడానికి నాకు హక్కు లేదన్నాను.
బస్టాండ్‌కి పరుగెత్తాను. ఇంకా కదలని కారంపూడి బస్సెక్కి ఆవిడ చెవిలో అంతా చెప్పాను. ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కున్నారు. టికెట్ లేదని కండక్టర్ నన్ను దింపేశాడు.

మధ్యాహ్నం 3
శేషారత్నం గారు దారిలో బస్సు దిగి నడిచొచ్చారు. సార్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొహం మొత్తిందా అని మళ్లీ అడిగాను.
"చానా" అన్నారు.
సీసా బల్ల మీద పెట్టారు. దాని మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.