గొంతు తీసేసిన పాట

గద్వాల,
2008 మార్చి.

నా భాస్కర్‌కు,

నువ్వూ, నీ ఇల్లాలు పుష్పమ్మ చెల్లెలూ బాగున్నారనుకుంటాను. నేనూ గజాలా బాగున్నామని రాయబోయి ఆగాను. అలసిపోయి ఉన్నాం అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

నేను పాడటం మానేస్తున్నాను. ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. నీ కుడి చెయ్యి పల్లికాయ మిషన్‌లో పోయినప్పటి నుంచి ఫోన్‌లో నువ్వు మాట్లాడవు, నీ ఊపిరి మాత్రం వినిపిస్తుంది. నాకు అది కష్టం.

మొన్న వనపర్తిలో ఒక పెళ్లికి పాడమంటే వెళ్లాను. ఇప్పుడు ఢోలక్ మనిషితో పనిలేదు. కీబోర్డులో ఒక మీట నొక్కితే దరువు వచ్చేస్తుంది. అది నా కోసం ఆగదు, ఎదురుచూడదు. దాని వెంట పరుగెత్తలేక రెండో చరణంలోనే ఊపిరి అందలేదు. భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి, "ఏంది భాయ్, నీ జోడు ఢోలకాయన రాలే?" అని అడిగాడు. "ఊర్ల లేడు" అన్నాను. ఇంకేం చెప్పను?

మన పాటలను నెట్‌లో పెట్టిన సంగతి నీకు తెలుసు. నీ చెయ్యి బాగున్న రోజుల్లో నా రేడియో రిపేరు దుకాణం వెనక గదిలో రికార్డు చేసినవే అవన్నీ. తలుపులకు బొంతలు కట్టి, కరెంటు ఉన్నంతలో నీ ఢోలక్ ఒకసారి, నా గొంతు ఒకసారి విడివిడిగా పట్టేవాళ్లం. ఎంత కట్టుదిట్టం చేసినా పక్కింటి మగ్గం చప్పుడు లోపలికి వచ్చేది. హైదరాబాదులో క్యాసెట్ల కంపెనీవాళ్లు అవి విని, చాయ్ తాగించి పంపించేశారు. చివరికి పోయినేడు, నాగర్‌కర్నూల్‌లో నెట్ సెంటర్ నడిపే మా బామ్మర్ది పర్వేజ్ ఒక దారి చూపించాడు.

"దుల్హాభాయ్, బయటి దేశాలల్ల పాటలోళ్లు తమ పాటను ముక్కలు జేసి నెట్ల పెడ్తున్నరు. గొంతు వేరే, వాయిద్యం వేరే. ఎవరికి నచ్చినట్ల వాళ్లు మార్చి మల్ల కట్టుకోవచ్చు. మన పేర్లు రాస్తే చాలు."

"మార్చుడేంది? ఖరాబు చేస్తే?"

"ఖరాబు చేసినా, ఎవడో ఒకడు విన్నట్లే కద."

ఆ మాటకు లొంగిపోయాను. నీకు చెబితే "నీ ఇష్టం భాయ్" అన్నావు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ సంగతేమీ జరగలేదు. ఎవరూ వినలేదనుకో. ఇక చాలు. దుకాణంలో పాడైన ఫోన్లు కుప్ప పడి ఉన్నాయి, అవి చూసుకుంటాను.

నీ
ఇక్బాల్

---

గద్వాల,
ఏప్రిల్ చివర.

భాస్కర్,

నా ఉత్తరం అంది కూడా నువ్వు జవాబు రాయలేదు. గజాలాతో అంటే, "నువ్వు నిజం రాయలేదు గద, జవాబెట్లొస్తది?" అంది. ఆమె అన్నది సబబే. ఇప్పుడు రాస్తున్నాను.

ఎవరూ వినలేదన్నది అబద్ధం. ఈ జనవరిలో పర్వేజ్ ఫోన్ చేసి, "జల్ది రా, మన పాటను ఒకాయన మార్చి పెట్టిండు" అన్నాడు. దుకాణం మూసి బస్సెక్కాను. దారంతా పెళ్లిచూపులకు పోతున్నవాడిలా ఉన్నాను. పర్వేజ్ నా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాడు. పోర్చుగల్‌లో ఉండే మనిషట. ఎత్తుకున్నది మన జొన్నచేను పాట. మంచె మీద నిలబడి ఆడమనిషి పిట్టలతో "రావద్దే పిట్టా రావద్దే, నీ వాటా గట్టున పోస్తనే" అని మొత్తుకునే పాట. నేను కట్టినవాటిలో అదంటే నాకు ప్రాణమని నీకు తెలుసు.

ముందు నీ ఢోలక్ వచ్చింది. దాని వెనక ఏదో గాలి వీచినట్టు చప్పుడు, తర్వాత ఫిడేలు. నా గొంతు ఎక్కడ ఎత్తుకుంటుందా అని చూస్తున్నాను. మొదటి చరణం జాగా దాటిపోయింది, రెండోది దాటిపోయింది. పాట అయిపోయింది.

"నా గొంతేది?" అని అడిగాను.

పర్వేజ్ తెర వైపే చూస్తూ, "తీసేసిండు" అన్నాడు.

పక్కింటి మగ్గం చప్పుడు మాత్రం అలాగే ఉంది, భాస్కర్. మగ్గాన్ని ఉంచుకుని నన్ను తీసేశాడు.

అక్కడితో ఆగలేదు. ఆయన చేసినది విని మరొకరు, వాళ్లది విని ఇంకొకరు. అందరూ నీ దరువే పట్టుకున్నారు. ఈ ఢోలక్ వాయించే మనిషి ఎవరు, ఇంకా ఏమైనా పంపిస్తాడా అని కింద రాశారు. పర్వేజ్ అర్థం చెబుతుంటే తల ఊపుతూ కూర్చున్నాను.

చెయ్యి పోయినవాణ్ణి చూసి ఈర్ష్యపడే మనిషి ఎక్కడైనా ఉంటాడా? తిరుగు బస్సులో వనపర్తి దాకా నేను ఆ మనిషినే. ఆ తర్వాత ఈర్ష్య దిగి, దానికన్నా బరువైనది ఎక్కింది. వాళ్లంతా ఎదురుచూస్తున్న దరువు ఇక రాదు. ఆ మాట వాళ్లకు చెప్పలేను, వాళ్ల మాట నీకు చెప్పలేను. చెబితే సంతోషపడతావో, ఏడుస్తావో తెలియలేదు. రెండింటిలో ఏదీ చూసే శక్తి లేక నోరు మూసుకున్నాను.

పాటలన్నీ నెట్‌లోంచి తీసేయమని పర్వేజ్‌తో అన్నాను. అవి నీ చేతి పని కూడా కాబట్టి నీ మాట కోసం ఆగాను. ఒక్క ముక్క రాయి. తీసేస్తాను.

ఇక్బాల్

---

వీపనగండ్ల,
జూన్, తొలకరి పడిన నాడు.

ఇక్బాల్ భాయ్‌కి భాస్కర్ రాపిచ్చేది.

నేను చెప్తుంటే పుష్ప రాస్తుంది. పుస్తకాలల్ల తీరుగ దిద్ది రాస్తనన్నది. వద్దన్న. నా మాట గిట్లనే ఉండనీ.

పాటలు తియ్యకు.

గా పోర్చుగలాయన పాట నేను ఫిబ్రవరిలనే విన్న. పర్వేజ్ నన్ను వనపర్తికి పిలిపిచ్చి, దోస్తు నెట్ సెంటర్ల వినిపిచ్చిండు. విన్నట్టు నీకు చెప్పొద్దన్నది నేనే. నువ్వే చెప్తవని చూసిన. నీ మొదటి ఉత్తరం రాంగనే ఇప్పుడు చెప్తవనుకున్న. నువ్వు చెప్పలే. కోపమొచ్చి జవాబియ్యలే.

ఈర్ష్య అయిందంటివి. కానియ్. చెయ్యి పోయినకాంచి అందరు నన్ను చూసి పాపం అంటరు. ఈర్ష్యపడ్డది నువ్వొక్కనివే. పుష్ప గా మాట చదువుతుంటే నవ్వొచ్చింది. శాన దినాలకు నవ్విన. ఆమె చదువుడాపి నన్నే చూసుకుంట కూసున్నది.

నా కోపం వేరే. ముక్కు మొహం తెల్వనోళ్లను "రాండ్రి, మా పాట తీసుకోండ్రి, మీకొచ్చినట్ల చేసుకోండ్రి" అని పిలిచినవు. దేశదేశాలోళ్లను పిలిచినవు. నన్ను పిలువలే. చెయ్యి లేనోడు ఏం జేస్తడు అనుకున్నవు. నేను అనుకుంటె అదొక తీరు. నువ్వెట్ల అనుకుంటవ్ భాయ్?

నువ్వు పిలువకున్నా నేనే వచ్చిన. జొన్నచేను పాటల నీ గొంతొక్కటే ఉన్న ముక్కను పర్వేజ్ ఇచ్చిండు. ఎండకాలమంత గదే పెట్టుకున్నం. ఢోలక్ నడుమ, ఎడమ దిక్కు నా చెయ్యి, కుడి దిక్కు పుష్ప చెయ్యి. కుడి దిక్కు దరువు నేను నోటితోని చెప్పుడు, ఆమె కొట్టుడు. ఆమె చెయ్యి ముంగట ఉరికేది, నేను తిడితే లేసి బర్రెలకాడికి పోయేది. జరసేపటికి చేతులు కడుక్కోని వచ్చి మల్ల కూసునేది. గిది రాయనన్నది, నేనే రాయమన్న.

నీ గొంతును మేం తియ్యలే. దాన్ని ముంగట పెట్టి ఎనక నడిచినం. గన్ని దినాలు విన్నంక నాకొకటి తెలిసింది. నీ గొంతు గా పాటల అలిసిపోయి ఉన్నది. పోర్చుగలాయనకు గదే నచ్చలేదేమో. పొద్దంత మంచె మీద మొత్తుకున్న ఆడమనిషి గొంతు ఇంకెట్లుంటది? గట్లనే ఉంటది. నువ్వు పాడుడు ఆపితే గా పాట ఇంకెవ్వరికి రాదు.

వనపర్తిల రికార్డు చేసి, సీడీ గీ కవర్ల పెట్టిన. మిగతావాటి పక్కన దీన్ని సుత పెట్టు. పాట ఇక్బాల్ అని రాయి. ఢోలక్ భాస్కర్, పుష్పమ్మ అని రాయి.

రెండో చరణంల తాళం జర జారింది. కంప్యూటర్ల సరిజేస్తనని పర్వేజ్ అన్నడు, నేను ఒద్దన్న. వినెటోళ్లు మార్చుకుంటె మార్చుకోనీ. నువ్వు మాత్రం దిద్దకు.

భాస్కర్
సంతకం నేనే పెట్టిన, ఎడమ చేత్తోని.