పదకొండు వందల చుట్లు

జనవరి 9

పక్షవాతంతో పడిపోయిన బావకి కుడి చెయ్యి ఇక రాదట. ఫిజియోథెరపీ అమ్మాయి అక్కతో చెప్పింది, అక్క నాతో చెప్పింది. బావతో ఎవరూ చెప్పలేదు. ఆయనకి తెలియదని మేమిద్దరం అనుకుంటున్నాం. ముప్పై ఏళ్లు మోటార్లు రీవైండింగ్ చేసిన మనిషికి ఏ వైండింగ్ కాలిపోయిందో ఒకరు చెప్పాలా?

ఎడమ చేతికైనా ఏదో ఒక పని పెట్టమందట ఆ అమ్మాయి, లేకపోతే మనిషి మంచానికి అతుక్కుపోతాడట. అక్క బట్టలు మడతపెట్టమని ఇచ్చింది. బావ వాటిని కింద పడేశాడు.

జనవరి 12

పని దొరికింది.

పాతికేళ్ల వయసులో నేనూ బావా ఒక ఎగ్జిబిషన్‌లో టెస్లా కాయిల్ చూశాం. నిలబెట్టిన గొట్టం, దాని నిండా సన్నటి తీగ, పైన గుండ్రటి టోపీ, దాని మీంచి గాల్లోకి ఊదారంగు మెరుపు. మనమూ ఒకటి చేద్దాంరా అన్నాడు బావ. ఆ తర్వాత ఆయనకి మోటార్లు, నాకు టీవీ రిపేర్లు. తీరిక ఎవడికుంది?

ఇవాళ వెళ్లి అడిగాను. గొట్టం మీది తీగ, ఆ సెకండరీ నువ్వు చుట్టు, సర్క్యూట్ నేను చూసుకుంటా అన్నాను. ఇప్పుడంతా సాలిడ్ స్టేట్, ఆ ఎగ్జిబిషన్‌ దాన్లాగా చెవులు పగిలేలా అరవదు, నాలుగు మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు చాలు అన్నాను. బావ ఎన్ని చుట్లు అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది గానీ ప్రశ్న మాత్రం సూటిగానే వచ్చింది.

పదకొండు వందలు అన్నాను.

జనవరి 21

మొదలుపెట్టాడు. చుట్టే మిషన్ని బల్ల మీద అటుది ఇటు తిప్పించుకున్నాడు, హ్యాండిల్ ఎడమ చేతికి అందాలి కదా. అక్క బట్టపీలికతో తీగ పట్టుకుని కూర్చుంటుంది, బావ తిప్పుతాడు. అద్దంలో నిన్ను చూస్తున్నట్టుంది బావా అని ఏడిపించాను. సగం నోటితో నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

ఈ పూటకి నలభై చుట్లు. ఒకప్పుడు కబుర్లు చెబుతూనే వెయ్యి చుట్టేవాడు.

ఫిబ్రవరి 8

అయిపోయింది. పదకొండు వందలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. వార్నిష్ కూడా తనే పూశాడట. ఇది వెలిగితే మళ్లీ షాపు తెరుస్తా అన్నాడట అక్కతో. చెబుతూ చెబుతూ అక్క ఫోన్లోనే ఏడ్చింది. నేను ఇంకా ఒక్క బోర్డు కూడా పూర్తి చేయలేదు.

ఫిబ్రవరి 15, ఉదయం 11

బావ ఉతికిన చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అక్క కిటికీ తెరలు వేసింది, మెరుపు బాగా కనపడాలని. నేను కూడా కాస్త బడాయి పోయాను, దూరం దూరం అంటూ.

స్విచ్ వేశాను. ఏమీ లేదు. జాగ్రత్తకని సీరీస్‌లో పెట్టిన బల్బు కూడా వెలగలేదు.

మొదటిసారి ఏదీ వెలగదు బావా అన్నాను. అక్క తెరలు తీసేసింది.

ఫిబ్రవరి 16

మాస్‌ఫెట్‌లని నడిపించే డ్రైవర్ ఐసీ చచ్చిపోయి ఉంది. తప్పు నాదే, పిన్నులు అటుది ఇటు పెట్టాను. ఎంత సంతోషమో! నా తప్పు దొరికితే ఇంత సంతోషపడటం ఇదే మొదలు. బావకి ఫోన్ చేసి చెప్పాను, నీ చుట్టుకి ఢోకా లేదు అని.

ఫిబ్రవరి 18

కొత్త ఐసీ వేశాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 20

సెకండరీకి మీటర్ పెట్టాను. తీగ ఎక్కడా తెగలేదు. ఓమ్స్ సరిపోయాయి. సిగ్నల్ చూపించే స్కోప్ పనిచేస్తుంటే ఇంకా తెలిసేది, దాని తెర పోయి మూడేళ్లయింది.

గొట్టం అడుగున ఉండే లావు చుట్టు, ఆ ప్రైమరీ వైర్లు రెండూ తారుమారు చేసి చూడమని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. కింది చుట్టూ పై చుట్టూ ఎదురు దిక్కుల్లో ఉంటే సర్క్యూట్ అసలు ఊపందుకోదు, నిజమే. అది కొత్తవాళ్ల కోసం రాసింది. బావ చుట్టు ఎటు తిరుగుతుందో నాకు తెలియదా? నాకు చుట్టడం నేర్పిందే ఆయన. నా ఎనిమిది చుట్ల ప్రైమరీ కూడా ఆయన దిక్కులోనే చుట్టాను. పైగా సోల్డర్ చేసేశాను. ఎవడు విప్పుతాడు?

ఫిబ్రవరి 24

విసుగొచ్చి సీరీస్ బల్బు తీసేశాను. రెండు మాస్‌ఫెట్‌లు టపాసుల్లా పేలాయి. బావ కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. కుడి చెయ్యి మాత్రం కదల్లేదు, అది ఒళ్లో అలాగే ఉంది.

నా చుట్టేనా అని అడిగాడు. కాదు కాదు అన్నాను. రెండుసార్లు అన్నాను, అక్కడే చెడింది.

మార్చి 1

ఇంకో రెండు పోయాయి.

బావ వ్యాయామం మానేశాడట. ఫిజియోథెరపీ అమ్మాయి వస్తే నిద్రపోయినట్టు నటిస్తున్నాడట. కంచంలో సగం వదిలేస్తున్నాడట. నేను గుమ్మంలోకి రాగానే మాత్రం తల ఎత్తి, వచ్చిందా అంటాడు. ఆ ఒక్క మాటకి భయపడి చెప్పులు విడవడం కూడా ఆలస్యం చేస్తున్నాను.

మార్చి 5, సాయంత్రం 4

రాయడానికి సిగ్గుగా ఉంది.

మళ్లీ పేలింది. వేలు కాలింది. బావ వచ్చిందా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎలా వస్తుంది, వణికే చేత్తో చుట్టావు, లోపలెక్కడో తీగ మీది ఎనామిల్ పూత గీరుకుని చుట్లు షార్ట్ అయ్యుంటాయి, అది మీటర్‌కి కూడా దొరకదు, నేనేం చేసేది అన్నాను.

రీవైండింగ్ మనిషిని చుట్లు షార్ట్ అయ్యాయనడం ఎలాంటిదో నాకు తెలుసు. తెలిసే అన్నాను. బావ ఎడమ చేతిని చొక్కా అంచు కింద పెట్టుకున్నాడు.

అక్క గుమ్మం దాకా వచ్చింది, నాకు చెప్పులు అందిస్తున్నట్టు వంగి, ఆడలేక మద్దెల ఓడంటే ఇదేరా అంది.

మార్చి 6

వెళ్లలేదు.

మార్చి 7

వెళ్లలేదు.

మార్చి 8, మధ్యాహ్నం

అక్క ఫోన్ చేసి, వచ్చి చూసుకో నీ ఘనకార్యం అంది.

బావ మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. గొట్టం మళ్లీ ఎక్కించి, ఎడమ చేత్తో వెనక్కి తిప్పుతున్నాడు. పొద్దుటి నుంచీ అంతేనట. వార్నిష్ పొట్టులా రాలింది. తీగంతా కుర్చీ కింద ఉండలుగా పడి ఉంది. గొట్టం మీద మహా అయితే వంద చుట్లు మిగిలాయి.

ఒత్తుగా ఉన్నప్పుడు చుట్టు వాలు కంటికి ఆనదు. ఇప్పుడు చుట్లు వదులై పక్కలకి జారుతున్నాయి. ఆ వాలు చూశాను. ముప్పై ఏళ్లుగా నేను చూసిన వైపు లేదు. మిషన్ తిప్పి పెట్టుకుని, ఎడమ చేత్తో, రెండో కొస నుంచి చుట్టాడు. దిక్కు తిరగబడింది. అద్దంలో ఉన్నట్టుందని నేనే అన్నాను. నవ్వుతూ మరీ అన్నాను.

చుట్టులో తప్పేమీ లేదు. నా బల్ల మీద రెండు వైర్లు తారుమారు చేస్తే చాలు. ఐదు నిమిషాల పని.

ఆగు బావా అన్నాను. ఆగలేదు. లెక్కపెడుతున్నాడు, చివరి దాకా లెక్కపెట్టాడు.

మార్చి 9

చెప్పాను. కాగితం మీద బొమ్మ గీసి, ఇటు చుట్టు, అటు చుట్టు, బాణాలు వేసి మరీ చెప్పాను. నీది బంగారంలాంటి చుట్టు బావా, తప్పు నాది అన్నాను.

బావ బొమ్మ చూశాడు. ఆ రోజు కూడా నా చుట్టు కాదనే అన్నావు కదరా అన్నాడు. ఓదార్చకు అన్నాడు. అంత స్పష్టంగా ఈ మధ్య ఏ మాటా అనలేదు.

చూపించడానికి నా దగ్గర ఏముంది? చిక్కుపడిన తీగ. మళ్లీ చుట్టు, నేనే తీగ పట్టుకుంటా అని బతిమాలాను. ఎడమ చెయ్యి దుప్పటి కిందికి పోయింది. ఇప్పుడు రెండు చేతులూ లోపలే ఉంటున్నాయట.

అక్క నా మాట నమ్మింది. నమ్మి, ఇంకెప్పుడూ ఈ ఇంట్లో దాని ఊసెత్తకు అంది.

మార్చి 22

అక్క షాపు తాళాలు దాని ఓనర్‌కి ఇచ్చేసింది. మిషన్ని ఎవరో తీసుకెళ్లారు. బావ కిటికీలోంచి చూడను కూడా లేదట.

ఏప్రిల్ 2

ఇవాళ సోల్డర్ విప్పి ఆ రెండు వైర్లు తారుమారు చేశాను. పైన నిలబెట్టిన గొట్టం ఖాళీ, మెరుపు రావడానికి ఒక్క చుట్టు కూడా లేదు. అయినా దూరం జరిగి నిలబడి స్విచ్ వేశాను.