చెరకు కోసినవాడి రక్తం

చినాందేగా

ఒదీలియా అక్కా,

నేనూ మీ ఆయనా లేచి తిరుగుతున్నాం, దిగులు పడకు. కూలీల సంఘం డాక్టరమ్మ నికనోర్ బావ రక్తం చెరకు కోతకు ముందోసారి, కోతయ్యాక ఓసారి తీసి యూరిక్ యాసిడ్ చూసింది. పొద్దున మామూలుగా ఉన్నది సాయంత్రానికి హద్దు దాటింది. ఒంట్లో నీరు ఎండిపోయి, కిడ్నీలు బయటికి పంపలేక అది రక్తంలో పేరుకుందట. ఎండలో గడిచిన రోజంతా ఆ కాస్త రక్తంలో కనబడింది అక్కా.

మేస్త్రీ మాత్రం, "రమ్ము తాగుంటాడు" అన్నాడు.

"నీళ్లకే ఆగనివ్వలేదు, రమ్మెప్పుడు తాగాను దొరా?" అన్నాడు బావ.

నీ కొడుకు ఫెర్మీన్‌ను ఈ కోతకు పంపకు. ముందు వాడి రక్తమూ చూపించు. పంది ఈనిందా? ఇప్పుడు కోత ఆపితే బావ కిడ్నీలు తేరుకుంటాయంది డాక్టరమ్మ. అందుకే ఇవాళ కత్తి గుడిసెలో పెట్టి, తోట గేటు ముందు నీళ్ల బిందెతో కూర్చున్నాడు. కూలీలమంతా కోత మాని అతని పక్కనే కూర్చున్నాం.

పిల్లలకు దీవెనలు.

నీ తమ్ముడు ఎవరీస్తో